తిరుపతిలో రికంబెంట్ కట్టి రేసుకి దించడం ఎలా

రికంబెంట్, అంటే పడుకుని తొక్కే సైకిల్, కడతామని ఉత్సాహంగా వచ్చే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది, “సార్, అల్యూమినియం పైపు ఎక్కడ దొరుకుతుంది?” అని. నేను పాలిటెక్నిక్ వర్క్‌షాప్‌లో వెల్డింగ్, ఫిట్టింగ్ నేర్పుతాను. సాయంత్రం క్లాసులయ్యాక ఈ బండ్లతోనే నా కాలక్షేపం. వాళ్లకి నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. బరువు సంగతి ఆఖర్న చూద్దాం, ముందు గాలి లెక్క వేయండి.

లెక్క కష్టమేం కాదు. గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి 10 మీటర్లు. మామూలు సైకిల్ మీద నిటారుగా కూర్చున్న మనిషి ఆ వేగంలో గాలిని నెట్టడానికే సుమారు 260 వాట్లు పెట్టాలి. అదే మనిషి సీటులో వెనక్కి వాలి కాళ్లు ముందుకు చాపితే 145 వాట్ల దగ్గర పని అయిపోతుంది. మంచి టైర్లయితే రోడ్డు మీద దొర్లడానికి రెండింట్లోనూ 50 వాట్లు పోతాయి. మనిషిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ తేడా మాత్రం ఈ స్థాయిలోనే ఉంటుంది. ఇప్పుడు అల్యూమినియం పెట్టి బండిలో రెండు కిలోలు తగ్గించారనుకోండి. చదును రోడ్డు మీద మీకు మిగిలేది ఒక వాటు పైచిలుకు. కూర్చునే తీరులోనే వంద వాట్లు దొరుకుతుంటే, ఒక్క వాటు కోసం ఇంట్లో డబ్బులడగడం ఎందుకు? పైగా వేగం రెట్టింపయితే గాలికి కట్టాల్సిన పవరు ఎనిమిది రెట్లవుతుంది. రేసులో మీరు పోరాడేది గాలితోనే.

ఈ సంగతి 1933లోనే తేలిపోయింది. ఫ్రాన్స్‌లో చార్లెస్ మోషే అనే ఆయన వెలోకార్ అనే పడుకుని తొక్కే సైకిల్ కట్టాడు. దాన్ని తొక్కిన ఫ్రాన్సిస్ ఫోర్ పెద్ద పేరున్న రేసరేమీ కాదు. అయినా ప్యారిస్ ట్రాక్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్లి, 1914 నుంచి నిలిచి ఉన్న ఆస్కార్ ఎగ్ రికార్డు 44.247ని దాటేశాడు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ, సైకిల్ అంటే ఇలాగే ఉండాలని నిబంధన పెట్టి ఈ బండ్లని పోటీల నుంచి తప్పించింది. ఆ నిర్ణయం న్యాయమని నాకు ఈ రోజుకీ అనిపించదు. అప్పటి నుంచి మామూలు సైకిల్ రేసుల్లో రికంబెంట్‌కి చోటు లేదు. 1975లో కాలిఫోర్నియాలో చెస్టర్ కైల్ తదితరులు ఏ ఆకారానికైనా అడ్డు చెప్పని వేగపు పోటీలు మొదలుపెట్టారు. 2016లో అమెరికాలోని బ్యాటిల్ మౌంటెన్ దగ్గర టాడ్ రైకర్ట్ ఒళ్లంతా తొడుగున్న బండిలో గంటకి 144.17 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. మోటారు లేదు, రోడ్డు దాదాపు చదును, ఉన్నవి రెండు కాళ్లే.

మనం కట్టేది అలాంటి తొడుగు బండి కాదు. తిరుపతి చుట్టుపక్కల దొరికే సామాన్లతో, మామూలు వెల్డింగ్ షాపులో తయారై, చదును రోడ్డు మీద మంచి రేసు సైకిల్‌తో సమానంగా పోయే బండి.

రెండు చక్రాలా, మూడు చక్రాలా

ముందు రెండు, వెనక ఒకటి ఉన్న మూడు చక్రాల బండి ఎక్కగానే వచ్చేస్తుంది, పడే భయం లేదు. కాలేజీ పోటీలకి చాలా టీములు దాన్నే కడతాయి. అయితే మూడు చక్రాలకి మూడు జాడలుంటాయి, ప్రతి గుంతా ఏదో ఒక చక్రానికి తగులుతుంది. ముందు చక్రాలు రెండూ సమాంతరంగా లేకపోతే దొర్లకుండా రోడ్డుని రాసుకుంటూ పోతాయి. ఇరుసు ఎత్తులో ఆ రెండు చక్రాల మధ్య దూరాన్ని ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి టేపుతో కొలవండి. ముందు వైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువుంటే చాలు. అంతకంటే ఎక్కువుంటే కొత్త టైరు కొద్ది రోజుల్లోనే అరిగిపోతుంది.

మొదటి బండికి నా ఓటు రెండు చక్రాలకే. ముందు 20 అంగుళాల చక్రం, వెనక 26 అంగుళాలది, పెడల్స్ ముందు చక్రం కంటే ముందుకి. దీనికి కావలసినవన్నీ గుజిరీలో దొరుకుతాయి. ఒక పాత గేరు సైకిల్ వెనక భాగం మొత్తం, ఒక పిల్లల సైకిల్ ఫోర్కూ చక్రమూ తెచ్చుకోండి. 20 అంగుళాల చక్రాల్లో రెండు రకాలున్నాయి. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 406 అని గానీ 451 అని గానీ ఉంటుంది. 406 తీసుకోండి, దానికి టైర్లు ఎక్కడైనా దొరుకుతాయి. తెచ్చిన రోజే రెండు రిమ్ములూ సైకిల్ అంగట్లో బెండు తీయించి, హబ్బుల్లో బాల్సు మార్పించి గ్రీజు పెట్టించండి. పాత ఎంటీబీకి, అంటే కొండదారుల గేరు సైకిల్‌కి, ఉండే గుబ్బల టైర్లని అక్కడే వదిలేయండి. అవి నున్నటి టైరు కంటే రెట్టింపు పవరు తినేస్తాయి, అంటే 36 కిలోమీటర్ల వేగంలో ఇంకో 50 వాట్లు. అల్యూమినియం మీద పెట్టాలనుకున్న డబ్బు టైర్ల మీద పెట్టండి.

ముందు మనిషిని కొలవండి, తర్వాత పైపు కోయండి

చెప్పులు విప్పి, వీపూ నడుమూ గోడకి ఆనించి నేల మీద కూర్చోండి. కాళ్లు చాపండి. గోడ నుంచి అరికాలు దాకా టేపుతో కొలవండి. మొత్తం బండికి ఇదే మూల కొలత. ఎత్తు ఒకటే ఉన్న ఇద్దరికి ఈ కొలత ఒకటి కాకపోవచ్చు. ఒక బండి మీద ముగ్గురు నలుగురు మారి తొక్కే టీమైతే, పెడల్స్ ఉండే ముందు పైపుని ఒకదాంట్లో ఒకటి దూరేలా చేసి రెండు బోల్టుల బిగింపు పెట్టండి.

పెడల్స్ ఎంత దూరంలో ఉండాలో ఇలా చూసుకోవాలి. సీటులో వెనక్కి పూర్తిగా ఆనుకుని మడమ పెడల్ మీద పెట్టి తోస్తే కాలు నిటారుగా రావాలి. మామూలుగా ముందు పాదంతో తొక్కితే మోకాలు దగ్గర కొంచెం వంపు మిగలాలి. దూరం ఎక్కువైతే ప్రతి తొక్కుకీ నడుము అటూ ఇటూ ఊగుతుంది, సీటు నవారు మీద రాపిడి జాడ కనిపిస్తుంది. తక్కువైతే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. మామూలు సైకిల్ మీద బరువైన గేరు వేస్తే మన ఒంటి బరువే ఒక హద్దు, అంతకు మించి తోస్తే సీటు మీంచి లేచిపోతాం. ఇక్కడ వెనక సీటు అడ్డం ఉంటుంది కాబట్టి ఆ హద్దు లేదు, భారమంతా మోకాలి మీద పడుతుంది. అందుకే తేలిక గేరులో నిమిషానికి 85, 90 సార్లు తిప్పడం అలవాటు చేసుకోండి.

క్రాంకు, అంటే పెడల్ బిగించే చేయి, మామూలుగా 170 మిల్లీమీటర్లు ఉంటుంది. రికంబెంట్‌కి 150, 155 హాయిగా ఉంటాయి. మోకాలు తక్కువ వంగుతుంది, మలుపులో మడమ ముందు టైరుకి తగిలే బెడదా తగ్గుతుంది. పొట్టి క్రాంకు దొరక్కపోతే, మందంగా ఉన్న పాత క్రాంకుకి లేత్ పనివాళ్ల చేత లోపలి వైపు కొత్త రంధ్రం వేయించి 9/16 ట్యాపు కొట్టించవచ్చు. ఎడమ పెడల్‌ది ఎదురు మర అని ముందే చెప్పండి. చెప్పకపోతే రెండూ ఒకే మర కొట్టి చేతిలో పెడతారు.

ఫ్రేము

ఒకటిన్నర అంగుళం చదరపు ఇనుప పైపు, 16 గేజు. మీటరు 1.8 కిలోలు తూగుతుంది. బండి మొత్తం 16 నుంచి 18 కిలోలవుతుంది, ఫర్వాలేదు. ముందు అన్నిచోట్లా చుక్కలు మాత్రం వేయించండి, కొలతలు చూసుకోండి, తర్వాతే పూర్తి వెల్డింగ్. అది కూడా ఒక పక్క కొంచెం, ఎదురు పక్క కొంచెం వేయాలి. ఒకే పక్క లాగించేస్తే వేడికి పైపు అటు లాక్కుపోతుంది.

ఫోర్కు ఏ వాలులో నిలబెడతారనే దాని మీద బండి నడక ఆధారపడి ఉంటుంది. హ్యాండిల్ గొట్టం నేలకి 72 డిగ్రీల దగ్గర ఉంచండి. ఇప్పుడు ఆ గొట్టం వాలుకి సరిగ్గా ఒక తిన్నటి కర్ర ఆనించి, అది నేలని తాకే చోట సుద్దతో గీత పెట్టండి. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుని ముందు ఇరుసు నుంచి వేలాడదీసి, అది చూపిన చోట ఇంకో గీత పెట్టండి. కర్ర గీత ఇరుసు గీత కంటే 5 సెంటీమీటర్లు ముందుండాలి. ఆ దూరం బాగా తగ్గితే బండి చేతిలో నిలవదు, బాగా పెరిగితే నెమ్మదిగా పోయేటప్పుడు హ్యాండిల్ బరువుగా పడిపోతూ ఉంటుంది.

చక్రాలు రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో దారంతో చూడండి. వెనక చక్రానికి రెండు పక్కలా ఆనించి ముందు చక్రం దాకా దారం లాగితే, ముందు రిమ్ము రెండు దారాలకీ సరిగ్గా మధ్యలో నిలవాలి. కంటికి బాగానే ఉందని సరిపెట్టుకోవద్దు.

బరువు పంపకం కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మనిషిని కూర్చోబెట్టి ముందు చక్రం కింద బరువు చూసే మిషన్ పెట్టండి, వెనక చక్రం కింద అదే ఎత్తు చెక్క పెట్టండి. మొత్తంలో 40 నుంచి 55 శాతం ముందు పడితే మలుపుల్లో పట్టు ఉంటుంది. అంతకు తక్కువైతే ఇసుక కనిపించిన చోటల్లా ముందు చక్రం జారుతుంది. సీటు జరిపి సరిచేయండి.

సీటుకి ఖరీదైన ఫైబర్ అక్కర్లేదు. మంచాలకి అల్లే నవారు తీసుకుని, వంచిన సన్న పైపుల మధ్య అడ్డంగా అల్లి, వెనక వైపు బకిల్స్‌తో బిగించండి. మన ఎండలకి వీపుకి గాలి తగలాలి, నవారు అల్లికలో అది తగులుతుంది. బకిల్స్ వల్ల నడుము దగ్గర బిగువుగా, భుజాల దగ్గర వదులుగా సర్దుకోవచ్చు. రేసు బండికి సీటు వాలు నేల నుంచి 30 డిగ్రీల దాకా దించవచ్చు గానీ నేర్చుకునేటప్పుడు 40 పైనే ఉంచండి. తల ఆనించడానికి దిండులాంటిది తప్పనిసరి.

చైను రెండున్నర సైకిళ్లది పడుతుంది. లాగే వైపు చైను సీటు కిందుగా మళ్లే చోట బలమంతా ఒక కప్పీ మీద పడుతుంది. దానికి ప్లాస్టిక్ చక్రం పనికిరాదు, బేరింగ్ మీద తిరిగే పళ్ల చక్రం పెట్టండి. తిరిగొచ్చే వైపు అంత బలం ఉండదు. మామిడి తోటల్లో డ్రిప్‌కి వాడే 16 ఎంఎం లేటరల్ పైపు ముక్కలోంచి చైను పోనిస్తే ప్యాంటుకి నూనె అంటదు, చైను కొట్టుకోదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆ పైపు ముక్కకి కొదవేముంది! ముక్క రెండు చివర్లూ వేడి చేసి గరాటులా వెడల్పు చేయడం మరవొద్దు, లేకపోతే చైను ఆ అంచుని కోసేస్తుంది.

గేర్ల దగ్గర ఒక చిన్న లెక్క. పాత ఎంటీబీకి పెద్ద పళ్లచక్రం 42, వెనక చిన్నది 14 ఉంటుంది. నిమిషానికి 90 తిప్పినా ఆ గేరులో 33 కిలోమీటర్లు దాటలేరు. ముందు 52 పళ్లది, వెనక 11 నుంచి 32 దాకా ఉన్నది పెడితే అదే తిప్పుడికి 52 కిలోమీటర్లు వస్తాయి. ముందు చిన్నది 30 పళ్లది కూడా ఉంచుకోండి. రికంబెంట్ మీద ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కడం ఉండదు. భాకరాపేట ఘాట్‌లో మామూలు సైకిల్ వాళ్లు మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి, చదునులో అందుకుంటారు.

నేర్చుకోవడం

మామూలు సైకిల్ వచ్చినంత మాత్రాన ఇది రాదు. తెల్లవారుజామున కాలేజీ గ్రౌండుకి తీసుకెళ్లండి. మొదట కొంచెం వాలులో, పాదాలు పెడల్స్ మీద పెట్టకుండా, నేలకి ఒక జానెడు పైన ఉంచి ఊరికే దొర్లండి. అందరూ చేసే పని తల ఎత్తి ముందుకి వంగడం, హ్యాండిల్ గట్టిగా పట్టుకోవడం. రెండూ వద్దు. వీపు సీటుకి ఆనించే ఉంచండి, వేళ్లతో తేలిగ్గా పట్టుకోండి, దూరంగా చూడండి. బయలుదేరేటప్పుడు తేలిక గేరు, ఒక పెడల్ పైకి, ఒక్క గట్టి తోపు, వెంటనే రెండో పాదం.

పాదాల సంగతి గట్టిగా చెబుతున్నాను. నడుస్తుండగా పాదం పెడల్ మీంచి జారి నేలకి తగిలితే బండి ముందుకి పోతుంది, కాలు సీటు కిందకి మడత పడుతుంది. చీలమండ విరిగేది ఇలాగే. గ్రౌండు దాటి రోడ్డెక్కే ముందు, పెడల్‌కి బిగుసుకునే క్లీట్ బూట్లో, కనీసం పాదాన్ని పట్టి ఉంచే పట్టీలో ఉండి తీరాలి. వేళ్లు తిమ్మిరెక్కితే క్లీట్‌ని మడమ వైపు కొంచెం జరపండి, తగ్గుతుంది.

రోడ్డు మీద మీరు ఆటో డ్రైవర్ కంటికి ఆనరు. ఆరడుగుల ఎత్తున ఎర్ర జెండా, వెనక లైటు, ఎడమా కుడీ అద్దాలు పెట్టండి. స్పీడ్ బ్రేకర్ మీద సీటు నుంచి లేవలేరు, దెబ్బంతా వెన్నుకి తగులుతుంది, కాబట్టి ముందే నెమ్మదించండి. హైవే మీద ప్రాక్టీసు వద్దు. తిరుమల ఘాట్ రోడ్డు అసలే వద్దు, అది భక్తుల బస్సులు తిరిగే దారి.

వాలు మీద పరీక్ష

బండి నడుస్తోంది, ఇక వేగం. కొత్తగా ఏదైనా మార్చినప్పుడు నిజంగా వేగం పెరిగిందా, మనకి అలా అనిపించిందా అనేది తేల్చడానికి విండ్ టన్నెల్ అక్కర్లేదు. ఒక వాలు చాలు. వాలు దిగాక చదునుగా సాగే, వాహనాలు తిరగని, మలుపు లేని రోడ్డు కావాలి. రంగంపేట దాటి కళ్యాణి డ్యామ్ వైపు ఊళ్ల మధ్య వెతికితే అలాంటి ముక్కలు కనిపిస్తాయి. రెండు చివర్లా ఒక్కో మనిషిని నిలబెట్టాలి, సెల్‌ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఉండాలి.

వాలు పైన అడ్డంగా గీత గీయండి. ముందు చక్రం గీత మీద పెట్టి, బ్రేకు వదిలి, ఒక్క తొక్కు కూడా తొక్కకుండా దొర్లనివ్వండి. వాలు కింద, వేగం ఎక్కువగా ఉండే చోట 100 మీటర్లు కొలిచి రెండు గీతలు పెట్టి స్టాప్‌వాచ్‌తో టైము తీయండి. బండి దానంతటది ఆగిన చోట ఇంకో గీత. ఈ రెండూ రెండు వేరు వేరు సంగతులు చెబుతాయి. వేగంగా పోయే చోట టైము తగ్గిందంటే గాలి తగ్గింది. టైము అంతే ఉండి ఆగే చోటు ముందుకి జరిగిందంటే టైర్లో, బేరింగో మెరుగైంది.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. కొత్త వస్తువు లేకుండా రెండు మూడు సార్లు దిగండి, పెట్టి రెండు మూడు సార్లు దిగండి, మళ్లీ తీసేసి దిగండి. చివరి టైములు మొదటి వాటితో కలవకపోతే మధ్యలో గాలి మారిందని అర్థం, ఆ రోజు లెక్కలు పక్కన పడేయండి. గాలి ఉందో లేదో చూడటానికి అగరబత్తి వెలిగించి పట్టుకోండి. పొగ నిలువుగా లేస్తుంటే మొదలుపెట్టండి, వాలిపోతుంటే టీ తాగి రండి. బ్యాటిల్ మౌంటెన్‌లో కూడా గాలి సెకనుకి 1.67 మీటర్లు దాటితే ఆ పరుగుని రికార్డుగా ఒప్పుకోరు.

వేడి సంగతి చాలామందికి తట్టదు. 20 డిగ్రీల తెల్లవారుజాముకీ 38 డిగ్రీల మధ్యాహ్నానికీ గాలి సాంద్రతలో 6 శాతం దాకా తేడా వస్తుంది. మధ్యాహ్నం దిగితే బండిలో ఏమీ మార్చకుండానే బాగుపడినట్టు కనిపిస్తుంది. అందుకని ఎప్పుడూ ఒకే వేళకి పరీక్షించండి, నోటుబుక్కులో టైము పక్కన ఉష్ణోగ్రత, టైరు గాలి రాయండి. మన దగ్గర డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దునపూట దీనికి మంచి కాలం. నవంబరు వానల్లో రోడ్డు తడిగా ఉంటుంది, రోహిణి కార్తెలో మనిషే నిలబడలేడు.

తోక పెట్టె

రేసు బండికి నేను మొదట చేయించేది ముందు తొడుగు కాదు, వెనక తోక. ముందు గాలిని చీల్చడం కంటే వెనక గాలి సాఫీగా కలవడం ముఖ్యం. భుజాల వెనక ఖాళీలో గాలి సుడులు తిరిగి బండిని వెనక్కి లాగుతుంది. వాన చినుకు తోకలా వెనక సన్నబడే పెట్టె పెడితే ఆ లాగుడు తగ్గుతుంది.

ఫ్లెక్సీ ప్రింటింగ్ అంగళ్లలో దొరికే సన్‌ప్యాక్ షీట్, 3 ఎంఎంది కొనండి. షీటులోని సన్నటి గొట్టాల వరసలు బండి పొడవునా ఉండేలా కోస్తే పక్కలకి సులువుగా వంగుతుంది. మడత కావలసిన చోట పైపొర మాత్రం కత్తితో గీయండి, అడుగు పొర తెగకూడదు. దీనికి మామూలు గమ్ము పట్టదు, రెండు రోజులకి ఊడి వస్తుంది. అంచుల్లో రంధ్రాలు వేసి కేబుల్ టైలతో కుట్టి పైన టేపు వేయాలి. ఒక్కో పక్క 10, 12 డిగ్రీలకి మించి లోపలికి వాలనివ్వొద్దు. తొందరగా సన్నం చేస్తే గాలి పక్కల నుంచి ఊడిపోతుంది, పెట్టె పెట్టి లాభం ఉండదు. ఆ వాలులో చివర సూదిగా వచ్చేదాకా లాగితే తోక మీటరు దాటుతుంది. 60, 70 సెంటీమీటర్ల దగ్గర నిటారుగా కోసేయండి, మేలు చాలావరకు మిగులుతుంది.

గాలి అంటిపెట్టుకుని పోతోందో లేదో కంటితోనే చూడొచ్చు. వేలెడంత ఊలు పోగులు కోసి, ఒక కొస టేపుతో పెట్టె నిండా జానెడు దూరంలో అంటించండి. ఒకరు బండి తొక్కుతుంటే, పక్కన స్కూటర్ మీద వెనక కూర్చున్నవాళ్లు ఫోనులో వీడియో తీయాలి. ఇంటికొచ్చి నెమ్మదిగా తిప్పి చూడండి. పోగులు పెట్టెకి అతుక్కుని వెనక్కి నిశ్చలంగా ఉన్న చోట ఆకారం బాగున్నట్టు. గింగిరాలు కొడుతున్న చోట, ముందుకి తిరిగిన చోట గాలి ఊడిపోయింది. ఆ చోటుకి ముందున్న వంపుని సరిచేయాలి. మా పిల్లలు మొదటిసారి ఈ వీడియో చూసినప్పుడు కుర్చీల్లోంచి లేచి స్క్రీను దగ్గరికి వచ్చేశారు. గాలిని అంతకు ముందు చూసినవాళ్లు లేరు కదా.

ఒళ్లంతా కప్పే తొడుగు మాత్రం మొదటి ఏడాది వద్దు. పక్కగాలికి బండిని తోసేస్తుంది, లోపల వేడికి మనిషి ఉడికిపోతాడు.

ఎక్కడ పోటీ పడాలి

ఇంజినీరింగ్ విద్యార్థులకి అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఏఎస్ఎంఈ నడిపే మానవ శక్తి వాహనాల పోటీ ఉంది. మన దేశంలో కూడా జరిగింది. వేగం, ఓర్పు రేసులతో పాటు డిజైన్‌కి కూడా మార్కులుంటాయి. దిగే ముందు భద్రతా పరీక్ష దాటాలి. ఆ నియమాల్లో వచ్చేవి ఇవి: 25 కిలోమీటర్ల వేగం నుంచి 6 మీటర్లలో ఆగాలి, 8 మీటర్ల వ్యాసార్ధంలో తిరగాలి, 5 నుంచి 8 కిలోమీటర్ల నెమ్మది వేగంలో 30 మీటర్లు తిన్నగా పోవాలి. గ్రౌండులో మధ్యన ఒక మేకు కొట్టి 8 మీటర్ల తాడు కట్టి ముగ్గుపిండితో వృత్తం గీయండి. దాని మీద మడమ టైరుకి తగలకుండా రెండు వైపులా తిరగగలిగేదాకా వదలొద్దు. తల పైన రక్షణ కమ్మీ నిలువుకి 12 డిగ్రీల వాలులో 2670 న్యూటన్ల బలానికి 5.1 సెంటీమీటర్లు మించి వంగకూడదు. అంటే 272 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాలు పదకొండు పేర్చి చూస్తే తేలిపోతుంది. ఏ ఏడాది నియమాలు ఆ ఏడాది మళ్లీ చదవండి, మారుతుంటాయి.

విద్యార్థులు కానివాళ్లకి బ్రెవేలున్నాయి, అంటే గడువు పెట్టి నడిపే దూరపు సైకిల్ యాత్రలు. ప్యారిస్‌లోని ఆడాక్స్ క్లబ్బు నియమాల ప్రకారం మనిషి బలంతో నడిచే ఏ బండైనా అక్కడ చెల్లుతుంది. చెన్నై, బెంగళూరుల్లో క్లబ్బులున్నాయి. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 600కి 40 గంటల గడువు. ఇది రేసు కాదు, గడువులోపు పూర్తి చేయడమే. కానీ మెడా నడుమూ నొప్పి లేకుండా రాత్రంతా తొక్కగలగడంలో రికంబెంట్‌కి సాటి లేదు. ఈ దారిలో వెళ్తే నాలుగేళ్లకోసారి జరిగే 1200 కిలోమీటర్ల ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ దాకా పోవచ్చు, తర్వాతది 2027లో.

ఇవేవీ లేనప్పుడు మీరే పెట్టుకోండి. 200 మీటర్లు కొలిచి, ముందు అరకిలోమీటరు వేగం పుంజుకోవడానికి వదలండి. 720ని వచ్చిన సెకన్లతో భాగిస్తే గంటకి కిలోమీటర్లు. 18 సెకన్లయితే 40, 15 సెకన్లయితే 48. రెండు దిక్కులా వెళ్లి సగటు తీయాలి. నలుగురు స్నేహితులు, రెండు స్టాప్‌వాచ్‌లు చాలు.

రేసు రోజు

పడుకున్న మనిషి ముఖం మీద ఎండ నేరుగా పడుతుంది. తిరుపతి నుంచి తూర్పుకి పొద్దున్నే బయలుదేరితే కళ్లు తెరవలేరు. హెల్మెట్‌కి ముందు రేకు, నల్ల అద్దాలు, పొట్టా తొడలా కప్పే పల్చటి బట్టలు వేసుకోండి. గంటకి ముప్పావు లీటరుకి తక్కువ కాకుండా ద్రవం లోపలికి పోవాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కంటే మంచిది నేను చూడలేదు. నీళ్ల సంచి సీటు వెనక పెట్టి గొట్టం భుజం మీదుగా తెచ్చుకుంటే తల ఎత్తకుండా తాగొచ్చు. ముందు రోజు రాత్రి రాగి సంగటి తినండి. పొద్దున మాత్రం తేలిగ్గా రెండు ఇడ్లీలు చాలు. కడుపు నిండా తిని వెనక్కి వాలి తొక్కితే గొంతు దాకా వస్తుంది.

స్టార్టుకి ముందు ఇవి చూడండి: ముందు పైపు బిగింపు బోల్టులు, కప్పీ బోల్టు, చైను గొట్టం కట్లు, తోక కేబుల్ టైలు. ముందు పైపు బోల్టు వదులైతే గట్టిగా తోసినప్పుడు పెడల్స్ పక్కకి తిరిగిపోతాయి. పైపు మీద అతుకు దగ్గర పెయింటుతో ఒక అడ్డగీత పెట్టి ఉంచితే, జరిగిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. స్టార్టు గీత మీద తేలిక గేరులో నిలబడండి. మిగతావాళ్లు లేచి తొక్కి ముందుకి పోతారు, మొదటి 200 మీటర్లు వాళ్లవే. మీ తిప్పుడు మీరు తిప్పుతూ 30 కిలోమీటర్లు దాటేదాకా ఓపిక పట్టండి. అక్కడి నుంచి గాలి వాళ్లని పట్టుకుంటుంది.

ఫినిష్ అయ్యాక ఒక్కసారిగా లేచి నిలబడకండి. అంతసేపు కాళ్లు పైకి పెట్టి ఎండలో తొక్కాక గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. ఎవరినైనా బండి పట్టుకోమని, పక్కకి తిరిగి కూర్చుని, నీళ్లు తాగి లేవండి. తర్వాత నోటుబుక్కు తీసి టైము, ఉష్ణోగ్రత, టైరు గాలి, ఏ గేరులో ఎక్కువసేపు ఉన్నారు, ఎక్కడ నొప్పి పుట్టింది రాసేయండి. మర్నాటికి గుర్తుండవు.